ముందు వినండయ్యగారూ

సువార్తమ్మకి కోపం, నాలుగేళ్ళ కోపమంట. నాలుగు రోజులు కాదమ్మా, నాలుగేళ్ళు. ఎందుకంటే వాళ్ళాయన ఏసోబు చచ్చిపోయినప్పుడు సంఘ పెద్ద తిమోతి, వీడు తాగుబోతు, చర్చి సమాధుల దొడ్లో చోటు లేదు పొమ్మన్నాడంట. అప్పటి పాస్టరు నోరెత్తలా. ఏం చేస్తారు, కాలవగట్టున పూడ్చారు. ఆ వానాకాలం ఏమైందంటే, గట్టు తెగింది. గట్టుతోపాటు మనిషీ కొట్టుకుపోయాడు. మొగుడు రెండుసార్లు పోయాడనుకో ఆమెకి. చెప్పుకుందామని పాస్టరు దగ్గరికెళ్తే, నోరు తెరిచేలోపే నెత్తిమీద చెయ్యేసి ప్రార్థన మొదలెట్టేవాడంట. ఆమేన్ అనగానే తిమోతి, ఇంక పోమ్మా అనేవాడు.

అట్టాంటప్పుడు జీవరత్నంగారని కొత్త పాస్టరొచ్చాడు. ఇంటింటికీ పోయి ఒక్కో మనిషితోనూ మాట్లాడతానన్నాడంట. మంచిదేగా? కానీ ఆయన వెనకాలే తిమోతి. అందరూ కూలికెళ్ళేది తిమోతి చేలోకే, ఇంక ఎవరు నోరిప్పుతారు? బాగున్నాం అయ్యగారూ, దేవుడి దయ అయ్యగారూ, ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. సువార్తమ్మ వాకిట్లో మిరపకాయల ముచ్చికలు తుంచుతా ఉంది. బాగున్నావామ్మా అంటే తలెత్తకుండానే, బాగున్నానో లేదో మీ పక్కనున్నాయన్నడగండి అందంట. తిమోతి మొహం మాడిపోయింది.

ఆ మాట పాస్టరుకి గుచ్చుకుంది. తెల్లారి ఒక్కడే వచ్చి, మిరపకాయల పక్కనే నేలమీద కూర్చున్నాడు. అంతే, నాలుగేళ్ళదీ కక్కేసింది. ఏసోబు తాగేవాడే, కాదన్నానా, మరి ఆ చర్చి పునాదికి రాళ్ళు మోసినప్పుడు తాగుబోతని గుర్తు రాలేదా అని మొదలెట్టింది. తిమోతిని తిట్టింది, పాత పాస్టర్ని తిట్టింది, తాగి చచ్చిన మొగుణ్ణీ తిట్టింది. మధ్యలో ఈయన అలవాటు కొద్దీ చెయ్యెత్తి కళ్ళు మూసుకోబోయాడంట.

"చెయ్యి దించండయ్యగారూ. దేవుడికి నేను రోజూ చెప్తానే ఉన్నా. విననిది మనుషులే. ముందు వినండి."

దించాడు. పొద్దు నడినెత్తికొచ్చిందాకా కదలకుండా విన్నాడంట.

ఆ తర్వాత ఏ ఇంటికైనా ఆయన ఒక్కడే పోయేవాడు. ఇంకో మూడిళ్ళలోనూ ఇదే గోడు. ఆదివారం అందరి ముందూ తిమోతిని లేపి, ఆ నలుగురికీ చోటు కాదన్నది నువ్వేనా, ఏ వాక్యం చూసి కాదన్నావని అడిగాడు. తిమోతి సమాధుల దొడ్డి తాళంచెవి బల్లమీద గిరాటేసి పోయాడు. పోయి ఊరి చివర సొంతంగా ఇంకో చర్చి పెట్టుకున్నాడు, ఇంతలావు మైకుతో. సువార్తమ్మని కూలికి పిలవడం మానేశాడు. మానేస్తే మానేశాడు, ఆమె పొరుగూరు పోతంది.

దొడ్లో ఏసోబు పేరుతో రాయి పాతారు. మరి కోపం పోయిందా అంటారా? ఎందుకు పోద్ది? రాయి చూసి, కింద ఎవరున్నారని అందంట. అయినా ఆదివారం ఆదివారం అందరికన్నా ముందొచ్చి, తిమోతి కుర్చీ ఉండేదే, అదిగో, అందులో కూర్చుంటది. లెమ్మని చెప్పే మగాడెవడో రమ్మను చూద్దాం.