పేరు తెలీని పోలీసు

"జేజీ, ఎవడో పోలీసునని ఫోన్లో బెదిరిస్తే వానికే చెమటలు పట్టించినావంట గదా? నాయన చెప్పినాడు. ఎట్లయిందో చెప్పు."

మీ నాయనా చెప్పింది? వానికేం తెలుసు మే! వాడా పొద్దు అనంతపురంలో హాస్టల్లో ఉండె. నేను చెప్పింది సగం, వాడు చేర్చింది సగం. సరే, కూర్చో. ఆ చాట ఇట్ల తోయి. శెనక్కాయలు ఒలుస్తా చెప్తా. నువ్వూ ఒలుచు, ఊరికే నా మూతి చూస్తా కూర్చుంటే పని యాడవుతాది.

ఇప్పుడైతే ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు. అప్పుడు ఊరికంతా ఒగటే. దర్జీ మస్తాను అంగట్లో ఉండె, రూపాయి బిళ్ళేసి మాట్లాడేది. రూపాయంటే అప్పుడు తమాషా గాదు మే, రూపాయికి రెండు వడలొచ్చేవి... కాదు కాదు, వడ గాదు, బొరుగుల ఉండలు. వడ ఒగటే. మస్తాను మీ తాతను అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. వాని పెండ్లాం బీబమ్మ, నాకు తోడబుట్టిందాని కంటే ఎక్కువ. ఎవురికన్నా ఫోనొస్తే మస్తాను "పది నిమిషాలాగి చెయ్యప్పా" అని పెట్టేసి, మిషను కాడ కూర్చునే కేకేసేవాడు. ఆ కేక ఈ ఇంటోళ్లు అందుకోని ఆ ఇంటికి ఎయ్యల్ల. పిలిచింది ఒగరినైతే వచ్చేది పదిమంది. ఫోన్లో మాట్లాడేది చూడల్ల గదా మరి!

అవి చింతపండు దినాలు. ఆ యేడు వానల్లేక శెనక్కాయ చేతికి రాలే, చెట్టు పీకితే వట్టి ఊడలే, కాయలే లేవు. మనకుండే చింతచెట్లే మన్ని బతికించినాయి. మీ తాత మూటలు లారీకేసుకోని తెల్లార్తోనే హిందూపురం మార్కెట్టుకు పోయినాడు. సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు. నేను పొయ్యి మీద సంగటి కెలుకుతాండా. ఉన్నట్టుండి మస్తాను, మెడలో టేపు అట్లనే యాలాడతాండాది, పరిగెత్తుకుంటా వచ్చినాడు. కేకెయ్యలే. కేకెయ్యకుండా మనిషే వచ్చినాడంటేనే ఏదో అయిందని నాకు తెలిసిపోయింది.

"వదినా, పోలీస్ స్టేషన్ నుంచి ఫోను. అన్న యాక్సిడెంట్ కేసులో దొరికినాడంట."

సంగటికట్టె యాడేసినానో తెలీదు. పొయ్యి గూడా ఆర్పకుండా అంగడికి పోయినా.

ఏం జరిగిందంటే మే, వాడెవడో ఫోన్ చేసి, మీ ఊరి మనిషి ఒగడు లారీ... కాదు, లారీ అనలే వాడు. ఆగు, సరిగ్గా చెప్పనీ. "మీ ఊరి మనిషి ఒగడు యాక్సిడెంట్ కేసులో దొరికినాడు" అన్నాడంట, అంతే. మన మస్తాను ఉండబట్టలేక "చింతపండు లారీలో పోయినాడే మా అన్న, ఆయప్పనా సార్?" అన్నాడంట. "ఆ, వాడే. వాని పెండ్లాన్ని పిలువు" అన్నాడంట వాడు. చూసినావా? చింతపండు మనోడే చెప్పె, లారీ మనోడే చెప్పె, వాడు ఆ అన్నాడు. అదంతా నాకు తర్వాత తట్టింది. అప్పుడు యాడ తడుతుంది!

ఫోను మోగింది. తీసినా.

"ఏయ్, ఎవరే మాట్లాడేది? నేను ఎస్సైని. మీ ఆయన ఎక్కిన లారీ మనిషిని తొక్కింది. డ్రైవరు పారిపోయినాడు, మీవోడు దొరికినాడు. లాకప్పులో ఏసినా. ఆ మనిషి సచ్చినాడంటే మీవోనికి జైలే."

సార్ సార్ అంటాండా, అంతే. వాడే అన్నాడు, కేసు కాకుండా చెయ్యల్లంటే ఇంట్లో ఉండే బంగారు తీసుకోని మూడు గంటల బస్సుకు కదిరి బస్టాండుకు రా, కానిస్టేబులు మామూలు బట్టల్లో వస్తాడు, వాని చేతికియ్యి అని. "ఎవరికన్నా చెప్పినావో, నీ మీద గూడా కేసు పెడతా. మళ్ల చేస్తా, తయారుగా ఉండు." ఎవరికీ చెప్పొద్దంట! బీబమ్మ నా చెంపకు చెంప ఆనించి వింటాండాది, వెనక పదిమంది ఉండారు, వాడేమో రహస్యమంటాడు.

ఇంటికి పరిగెత్తినా. బంగారు యాడుండాది మే మనకు, కమ్మలు ఎప్పుడో పోయినాయి. మిగిలింది తాళిబొట్టే. మన పక్క కరువొస్తే తాళిబొట్లు కుదవకు పోయేది కొత్త గాదు. తీసినప్పుడు మెడ ఊరికే ఉండకూడదు గదా, పసుపుకొమ్ము దారానికి కట్టుకుంటారు. ఆ యేడు ఏ ఆడమనిషిని చూసినా పసుపుకొమ్మే. మీ తాత మాత్రం నాది తీయనియ్యలే. పాలిచ్చే బర్రెను అమ్మినాడు గానీ నా మెడ జోలికి రాలే. "అది నేను కట్టింది, అది పోతే నేను ఊర్లో ఎట్ల తిరగల్ల" అనేవాడు. అట్లాంటిది నా చేత్తో నేనే తీసినా. కొంగున ముడేసుకున్నా. పసుపుకొమ్ము దారం బీబమ్మ ముడేసింది. ఏడుస్తా ఏసింది పాపం.

మళ్ల అంగడికి ఉరికినా, మోగింది ఫోను.

"తయారా? సరే. మీ ఆయన పేరు చెప్పు, కాగితం రాయల్ల."

మొగుని పేరు ఎట్ల చెప్పల్ల మే? పెండ్లయినప్పటి నుంచి ఒగసారి గూడా చెప్పలే. ఓట్లు రాసుకునేకొచ్చినోళ్లు అడిగినా పక్కింటోళ్లే చెప్తారు గానీ నేను చెప్పను. ఇప్పటి మీరు పేరు పెట్టి పిలుస్తారు, పిలుచుకోండి, నేనేమనను. మా కాలంలో అది నోట్లోంచి రాదు, అంతే.

"నేను చెప్పకూడదు సార్" అన్నా.

"ఏం, ఎందుకు చెప్పకూడదు?"

"ఆయప్ప నా మొగుడు గదా సార్."

"ఏయ్, తమాషాలా? చెప్పవే పేరు!"

మస్తాను గమ్మునుండలేక "నేను చెప్తా ఇయ్యి వదినా" అని చెయ్యి చాపినాడు. అంతట్లో నేనే అన్నా, ఊరికే, తెలివిగా గాదు, ఏడుస్తానే అన్నా మే: "సార్, ఆయప్ప మీ కాడనే ఉండాడు గదా. ఆయప్పనే అడగండి."

వాడు దగ్గినాడు. తర్వాత, "వాడు నోరు తెరవడంలేదు" అన్నాడు.

అదీ! అక్కడే నాకు ఎలిగింది. మీ తాత నోరు తెరవకుండా ఉండేదా? ఆయప్ప సంతకు పోతే ఎద్దుతో గూడా మాట్లాడతాడు! నిద్దర్లో మాట్లాడతాడు! పోలీసోళ్లు ఏసిన లాకప్పులో కూర్చోని ఆ పక్కనోని ఊరేది, మీ మేనమామ ఎవరు, మీ పక్క వానలెట్ల అని అడగకుండా ఉంటాడా? మస్తాను చెయ్యి పక్కకు తోసేసినా. కండ్లు తుడుచుకున్నా.

"సార్, నేను చెప్పకూడదు. మీరు చెప్పండి, నేను అవునో కాదో అంటా."

"ఏం... రామాంజనేయులు గదా?"

"కాదు సార్."

"మరి... నారాయణ. ఆ, నారాయణ, ఈడ రాసిండారు."

"అదీ గాదు సార్."

"వెంకటరమణ?"

నవ్వొద్దు మే, శెనక్కాయ గొంతులో పడుతుంది! నిజం చెప్తాండా, లాకప్పులో మనిషిని పెట్టుకోని పేరు కోసం నన్నే అడుక్కుంటాండాడు. ఎనకాల ఉండే ఆడోళ్లకు ఒగరికొగరు చెప్పుకోని ఒగటే కిసకిస. బీబమ్మ నోట్లో కొంగు కుక్కుకునింది. ఇంగ నాకు యాడలేని బలం వచ్చింది.

"ఒరే, ఎవర్రా నువ్వు! నా మొగుని పేరు తెలీదు, నా మొగున్ని లాకప్పులో ఏసినాడంట! ఉండు, మూడు గంటల బస్సుకు నేనొక్కదాన్నే రాను, ఈ ఊరి ఆడోళ్లంతా వస్తాం, మీ కానిస్టేబుల్ని బస్టాండులోనే నిలబెట్టు, చీపుర్లతో దిష్టి తీసి పంపిస్తాం! నీ నోట్లో మన్ను బడ, ఆడదాని మెడలో దానికి ఆశపడతావురా?"

టక్కున పెట్టేసినాడు. ఊరంతా ఈలలు, కేకలు. మస్తాను టేపు తిప్పతా ఎగిరినాడు. నన్ను గెలిచిన సర్పంచి మాదిరి చూస్తాండారు.

చూస్తాండారు గానీ మే... ఇంటికొచ్చినాక కూర్చోలేకపోయినా. సంగటి మాడి గబ్బు కొడతాండాది. వాడు దొంగోడే, సరే. అయినా దావలో లారీకి నిజంగానే ఏమన్నా అయింటే? ఆయప్ప వచ్చేదాకా ఏం నమ్మకం? పసుపుకొమ్ము అట్లనే ఉండాది మెడలో, కొంగున ముడి అట్లనే ఉండాది. ఆయప్ప కంటికి కనపడేదాకా తాళి మళ్ల ఏసుకునేకి మనసొప్పలే. బస్సు టయానికి చాలా ముందే పోయి రోడ్డు కాడ నిలబడినా. బీబమ్మ గూడా వచ్చింది.

బస్సొచ్చింది. ముందు ఎవరెవరో దిగినారు. నా పానం కండ్లలోకొచ్చింది. కడాకు దిగినాడు మీ తాత, బొరుగుల మూట చంకలో పెట్టుకోని, లోపల కండక్టరుతో ఇంగా ఏందో మాట్లాడతానే! నన్ను చూసి నవ్వినాడు. తర్వాత నా మెడ చూసినాడు. నవ్వు పోయింది.

"ఎవరికిచ్చినావు?"

చెప్పినా. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పినా. రామాంజనేయులు, నారాయణ అన్నీ చెప్పినా. బీబమ్మ నవ్వింది, దిగినోళ్లంతా నవ్వినారు. ఆయప్ప నవ్వలే. "వాడు నిజం పోలీసై, పేరు తెలిసుంటే? ఇచ్చేస్తాంటివా?" అన్నాడు.

"ఇచ్చేస్తాంటి. దీన్ని కట్టినోడే లేకుంటే ఇది నాకెందుకు?" అన్నా. అందరి ముందరా అన్నా, సిగ్గు గూడా కాలే.

ఆయప్ప బొరుగుల మూట బీబమ్మ చేతికిచ్చినాడు. నా కొంగు ముడి తనే ఇప్పినాడు. ఆ రోడ్డు మీదనే, బస్సులో ఉండేవాళ్లు కిటికీల్లోంచి చూస్తాండంగానే, నా మెడలో కట్టినాడు. పెండ్లి పొద్దు తలకాయి వంచుకోని కూర్చుంటి, ఆయప్ప మొగం గూడా చూడలే నేను. ఆ పొద్దు తల ఎత్తే ఉన్నా. చూసినా. ఎంత మాట్లాడే మనిషి, ఒగ మాట లేదు. ముడి పడ్డం లేదు, చేతులు అట్ల వణుకుతాండాయి.

ఏమ్మే, ఒలిచేది నిలబెట్టేసినావు? కండ్లు తుడుచుకో, పిచ్చిదానా. నీకు గూడా దొరుకుతాడులే. నువ్వు పేరు పెట్టి పిలువు, అరే తురే అని పిలువు, అది నీ ఇష్టం. నీకేమన్నా అవుతుందేమో అనుకుంటేనే చేతులు వణికేవాడు నీకు రానీ నా తల్లీ, చల్లగా ఉండు, నూరేండ్లు... ఆ, ఆ చాట ఇట్లియ్యి, నిండింది గాని...