ఇటలీ సైకిలు కింది చీటి

గోదావరిఖనిలో అతీక్ సైకిల్ రిపేరు దుకాణం. మొదటి షిఫ్టు దిగివచ్చిన గని కార్మికుడు కొమురెల్లి, తలకిందులుగా పెట్టిన తన రేసు సైకిలు ముందు నిలబడ్డాడు.

"అన్నా, గీ చీటి సదువు. తైవాన్‌ల తయారైందని రాసుంది," అంటూ అతీక్ ఫ్రేము కింద అంటించిన చీటి చూపించాడు.

"ముంగట ఇటలీ జెండా ఉంది గద భాయ్!"

"కంపెనీ ఇటలీదే. ఫ్రేములు శానమటుకు తైవాన్‌లనే చేపిస్తున్నరు. మస్తు ఖరీదువి కొన్నే ఇటలీల చేస్తరు."

"గని కాడ అందరికి ఇటలీల చేసిందని చెప్పిన. ఇప్పుడు మొఖం ఎక్కడ పెట్టుకోవాలె? బ్లేడుతోని ఆ చీటి గీకెయ్యి."

"గీకను."

"నా సైకిలు, నా ఇష్టం!"

"అయితే నువ్వే గీక్కో. ఆదివారం దీని మీదనే మంథని పోయొచ్చినవ్. ఎట్లుండె?"

"ఎట్లుంటది? గాలి లెక్క ఉరికింది."

"మరి గంత మంచిగ చేసినోళ్ల ఊరి పేరు చెరిపెయ్యమంటవేందే? ఇరవై ఏండ్ల సంది నువ్వు బొగ్గు తీస్తున్నవ్. ఆ బొగ్గుతోని పట్నంల కరెంటు బుగ్గలు ఎలుగుతున్నయ్. ఒక్క బుగ్గ మీదన్న మన ఖని పేరు చూసినవా?"

కొమురెల్లి వంగి, చీటి మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"తైవాన్ అంటే ఏ దిక్కుంటది భాయ్?"

"నాకేం ఎర్క? ఎందుకు?"

"రేపు గని కాడ అడుగుతరు. చెప్పాలె గద."