హమీదాపా కలబంద

“అవ్వా, మొన్న కుండీ మార్చిన కలబంద మెత్తవడ్డది. నీళ్లు పొయ్యాల్నా?”

వద్దు బిడ్డా, చేతిలున్న మగ్గు కింద పెట్టు. గిట్ల కూసో, చెప్తా. మీ తాత గూడ అచ్చం నీ లెక్కనే చేసిండు, యాదికొస్తే నవ్వాగది.

మన కింది పోర్షన్ల హమీదాపా లేదా, గామె పోయినేడు బిడ్డ కానుపుకని నాందేడ్ పోయింది. పోయే ముంగట ఆమె కలబంద కుండీ పలిగింది. వాళ్లమ్మ బోధన్‌ల పెట్టిన చెట్టు పిలక అది. తల్లి పోయినంక గదే మిగిలింది ఆమెకు. ఇసుక మట్టి కలిపి కొత్త కుండీల పెట్టి నాకిచ్చింది. నీడకు పెట్టమన్నది. వేర్లకు దెబ్బలు తాకినయి, అవి మానేదాంక సుక్క నీళ్లు పొయ్యొద్దన్నది.

మీ తాత సంగతి నీకెర్కనే. బోధన్‌ల ఉన్నన్నొద్దులు చెరుకు పండిచ్చిండు. నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చినయంటే బువ్వ గూడ యాదికుండకపోయేది. గప్పుడు బెల్లం కిలో రెండు రూపాలు... కాదు, మూడేమో. సరే, గది ఇడిసిపెట్టు. ఏ చెట్టు వాడినా ఆయనకు నీళ్లే మందు.

కొన్నొద్దులకు ఆకులు ముడుచుకపోయినయి. దానికి దూపైతున్నదని ఆయన ఒకటే గునుసుడు. నేను మగ్గు దాసిపెట్టిన. ఒకనాడు కంఠేశ్వర్ గుడికి పోయొచ్చేసరికి, ఏం చెప్పాలె, చెంబుతోటి కుండీ నిండ పోసిండు. ఇగ అడుగాకులు మెత్తగై వాసనొచ్చినయి. హమీదాపాకు ఏం మొఖం చూపియ్యాలె?

ఇద్దరం కూసున్నం. మీ తాతే మెల్లగ చెట్టు తీసి మట్టి దులిపిండు. కుళ్లిన వేర్లు కోసేసినం. కోసిన కాడ ఎండేదాంక పేపర్ మీద నీడకు ఆరబెట్టి, మల్ల పొడి మట్టిల పెట్టినం. గప్పటిసంది ఆయన పొద్దుగాల లేస్తే దాని ముంగటనే. ముట్టడు, ఊకె చూస్తడు.

ఒకనాడు వంటింట్ల ఉన్న, “లచ్చీ, జర ఇటు రా” అని పిలిచిండు. ఉరికిన. మొదట్లకెళ్లి గోరంత పచ్చటి పిలక. అగో, చెప్తుంటె ఇప్పుడు గూడ నా ఒళ్లు జల్లుమంటున్నది, సూడు. ఇద్దరం చిన్న పోరగాండ్ల లెక్క నవ్వినం.

హమీదాపా వచ్చినంక నేను నోరు తెరువకముందే ఆయన ముంగటికి పోయిండు. “ఆపా, నువ్వు వద్దన్నా నేనే నీళ్లు పోసిన. సగం వేర్లు పోయినయి.”

ఆమె కుండీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. “బతికిచ్చింది గూడ నువ్వే గదా భాయ్. గీ పిలక నీదే” అన్నది.

పెరిగినంక నిజంగనే వేరు చేసి ఆయన చేతిల పెట్టింది. చేను అమ్మినంక మీ తాత ఒక్క మొక్క నాటలే బిడ్డా. గా దినం ఇసుక జల్లెడ పట్టిండు, మట్టి కలిపిండు, నాటిండు. నాటినంక శానాసేపు చేతులు కడుక్కోలే. మట్టి చేతులు ఒడిల పెట్టుకొని గట్లనే కూసున్నడు.

నీది గూడ బతుకుతది. నీడకు పెట్టు, ఒక వారం చూడు, మట్టి లోపలిదాంక ఎండినంకనే పొయ్యి. సల్లగుండు బిడ్డా, నువ్వు ఏది నాటినా పచ్చగ రావాలె.