కిషోర్ ఎదురుచూసిన ఆల్బమ్

సారపాక బస్టాపులో, మెటల్ మ్యూజిక్ బ్యాండ్ పేరున్న నల్ల టీషర్టు వేసుకున్న కుర్రాడి పక్కన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు.

"తమ్మీ, ఈ బ్యాండోళ్ల కొత్త ఆల్బమ్ విన్నవా?"

"విన్న అంకుల్. మీరు గూడ వింటరా? ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే అనుకున్న."

"నాకేం తెల్వదు. మా కొడుకు కిషోర్ వినేటోడు. నేను బొగ్గుబాయిల డ్యూటీ దిగి ఇంటికొస్తే ఇంట్ల గూడ గదే మోత."

"ఆయనకు నచ్చిందా?"

"పోయినేడు బండి యాక్సిడెంట్ల పోయిండు. ఈ ఆల్బమ్ కోసం మస్తు ఎదురుచూసిండు. మొన్న రిలీజైందని వాని ఫోన్‌కు మెసేజొచ్చింది. పెట్టుకొని మొత్తం విన్న. మంచిగుందో లేదో నాకెట్ల తెలుస్తది? నువ్వు చెప్పు."

కుర్రాడు ఆయన వైపు తిరిగి కూర్చున్నాడు.

"నిజం చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

"నాకు నచ్చలే అంకుల్. డ్రమ్మర్ మారిండు, ఎనకటి స్పీడ్ లేదు. మొదటి పాటైతే ఉత్త సాగదీసుడే."

"అవ్, వాడు గూడ గిట్లనే తిట్టేటోడు. ఇంకా చెప్పు."

"చివరి పాట ఒక్కటే నిలబెట్టింది."

"గట్లనా... అగో, కొత్తగూడెం బస్సొచ్చింది. నీదేనా?"

"నాదే. పోనియ్యండి. రెండో పాట గురించి ఇంకా చెప్పలే."