డ్రైవరు గారి గుండె కరెంటు

ఆసుపత్రి ఎదుట టీ కొట్టు బెంచీ మీద మా డ్రైవరు గారు కూర్చున్నారంటే పక్కవాళ్ల చెవులకు సెలవు లేనట్టే. బస్సు తోలడం మానేసి చాలా కాలమైంది గానీ నోటికి బ్రేకులు వేయడం ఆయనకు ఇప్పటికీ చేతకాదు. ఆ పొద్దున ఆయనకు దొరికిన గొర్రె ఒక దర్జీ. పాపం, గుండెకు బైపాస్ చేయించుకున్నవాడు. దగ్గొస్తే కుట్లు ఊడతాయని చిన్న దిండొకటి ఎదకు హత్తుకుని కూర్చున్నాడు. గుండె జబ్బు వాళ్లచేత దగ్గరుండి వ్యాయామం చేయించే హాలు లోపలుంది. అతనికది మొదటి రోజు. వెళ్లడమా, ఇంటికి పోవడమా అని ఊగిసలాట.

"భయమా? నేనూ నీలాగే వచ్చానోయ్, స్టెంటు వేయించుకుని. నాలుగడుగులు వేద్దామనే ఆ నడక మిషనెక్కాను, అబద్ధమెందుకు. ఛాతీకి వైర్లు అంటించి, వ్యాయామం చేయించే అమ్మాయి 'నెమ్మదిగా అంకుల్' అంది. నెమ్మదిగానే నడిచానయ్యా, నా నెమ్మది అది! పట్టా వేడెక్కింది, పొగలొచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆర్పేశారా?" అన్నాడు టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ.

"ఆర్పడానికి అదక్కడుంటేగా! నా కాలి విసురుకు మిషనే కదిలి, తలుపు తోసుకుని, ర్యాంపు దిగి రోడ్డెక్కింది. నేను దాని మీదే. ముందు అంబులెన్సు. హారను కొట్టి దాటేశాను."

"నడక మిషనుకు హారనా?"

"నోటితో కొట్టానయ్యా! ఆ అంబులెన్సులో పడుకున్న పేషెంటు నన్ను చూసి లేచి, దిగి, నా వెనకాలే పరుగు. ఇవాళ్టికీ బిళ్ల ముట్టలేదు. అసలు కథ అది కాదు. అంతలో ఆసుపత్రిలో కరెంటు పోయింది. వైర్లింకా నా ఛాతీకే ఉన్నాయిగా, రబ్బరులా సాగి! నా గుండెలోంచి కరెంటు ఎదురెక్కి ఆసుపత్రంతా వెలిగింది. లిఫ్టులు కదిలాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఆపరేషన్ గదిలో ఎవరిదో గుండె తెరిచిపెట్టి చీకట్లో తడుముకుంటున్నారు, వెలుగు రాగానే కుట్టేశారు. ఎవరిదనుకున్నావ్? నీదే!"

"నాదా?"

"మత్తులో ఉన్నావు, నీకేం తెలుస్తుంది!"

టీ కొట్టతను తన బల్బు వంక అనుమానంగా చూసుకున్నాడు. దర్జీ ముఖం మాత్రం వెలవెలబోయింది.

"అన్నా, మంచం మీంచి స్నానాలగది దాకా పోవాలంటేనే నేను గోడ పట్టుకుంటాను. లోపల చేయించేది ఇదైతే నా వల్ల కాదు. మా ఆవిడ మందుల షాపు దగ్గరుంది, ఇంటికి పోయానని చెప్పండి" అంటూ లేచాడు.

డ్రైవరు గారు అతని చెయ్యి పట్టుకుని ఆపబోయారు. కోతలు కోయడం వచ్చు గానీ, కోసింది అతికించడం ఆయనకెక్కడ వచ్చు?

బెంచీ చివర పేపరు చదువుతున్న పంతులమ్మ గారు తలెత్తారు. ఆవిడదీ అదే బ్యాచి, డ్రైవరు గారి పక్క మిషనే.

"కూర్చో నాయనా. అక్కడ పరుగులూ లేవు, పొగలూ లేవు. నువ్వు నడుస్తుంటే ఆ అమ్మాయి కబుర్లాడుతుంది. ఆయాసం లేకుండా బదులు చెప్పగలిగితే ఆ వేగం నీకు సరిపోయినట్టు. చెప్పలేకపోతే తగ్గిస్తుంది. అంతే. ఈయన్ని మొదటి రోజు 'పిల్లలెంతమంది అంకుల్' అని అడిగింది. ఒక వేలు చూపించి, కమ్మీ పట్టుకుని వేలాడాడు. మిగతా ఇద్దరూ, ఈయన కుర్చీలో కూలబడి మంచినీళ్లు తాగాక పుట్టారు."

"మిషను చప్పుడుకి నా మాట ఆ పిల్లకి వినపడలేదు!" అన్నారు డ్రైవరు గారు.

"వేలు కనపడింది కదా! అయినా మర్నాడు మళ్లీ వచ్చావు, రోజూ వస్తున్నావు. చెప్పుకోదగ్గది అదొక్కటే, అది తప్ప అన్నీ చెప్తావు."

దర్జీ నవ్వబోయి, కుట్లు గుర్తొచ్చి, దిండు గట్టిగా అదుముకున్నాడు.

"నాకు ఇద్దరే పిల్లలు" అని, హాలు వైపు నడిచాడు.