ఇంకా రెండు వందల కిలోమీటర్లు

సభాధ్యక్షులు, మన లంక రైతుల సంఘం ప్రెసిడెంటు సుబ్బరాజు గారికి, పక్కనే ఉన్న సెక్రటరీ కాశీవిశ్వనాథం గారికి, ఈ ఉక్కపోతలో వచ్చి కూర్చున్న పెద్దలకి, స్నేహితులకి, ముందు వరసలోంచి "కోపం తెచ్చుకోకండి" అని కళ్ళతోనే హెచ్చరిస్తున్న మా ఆవిడ సూర్యకుమారికి, అందరికీ నమస్కారం.

ఇంతసేపూ నా గురించి చాలా మంచి మాటలు చెప్పేరు. సుబ్బరాజు గారైతే నా చేతిలో ఏదో మహిమ ఉందన్నారు. సంతోషమండీ. కానీ ఈ హాలు గుమ్మం పక్కన నోటీసు బోర్డు మీద, ఆయన సంతకంతోనే, నాలుగు నెలలుగా ఒక కాగితం వేలాడుతోంది. "లారీ గేర్లు పాడవడానికి మెకానిక్ సత్యదుర్గారావు పనితనంలోని లోపమే కారణం" అని. మీరంతా దాన్ని చదువుకునే లోపలికి వచ్చేరు. ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడికి గుమ్మంలో ఆ కాగితం, లోపల ఈ శాలువా! నాకు ఒళ్ళు మండుతోందండీ. పెద్దలు క్షమించాలి, ఇవాళ కాకపోతే నా చేతికి మైకు ఎవరిస్తారు? (నవ్వులు)

జరిగింది చెబుతాను. వరదొస్తే గోదావరి మధ్య లంకల్లోంచి జనాన్నీ పశువుల్నీ గట్టెక్కించడానికి మనకున్నది ఆ ఫోర్ వీల్ డ్రైవ్ లారీ ఒక్కటే. ఫిబ్రవరిలో దానికి ముందూ వెనకా చక్రాల్ని తిప్పే కొత్త డిఫరెన్షియల్ గేర్లు వేసేను. కొత్తలో ఆ గేర్ల పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడాలి. అరగంట మెల్లగా నడపాలి, ఆపాలి, పూర్తిగా చల్లారనివ్వాలి, మళ్ళీ నడపాలి. ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా బరువెయ్యకూడదు, దేన్నీ లాగించకూడదు, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. కొత్త చెప్పులు తొడుక్కుని మనం ఐనవిల్లి దాకా నడుస్తామా అండీ? ఇదంతా డ్రైవరు గంగబాబుకి చెప్పి, స్టీరింగు పక్కన సుద్దతో రాసేను కూడా.

మర్నాడు పొద్దున్న నేను షెడ్డుకి వచ్చేసరికి లారీ లేదు. కొత్త గేర్లకి పూజ చేయించాలని ఐనవిల్లి గుడికి తీసుకెళ్ళిపోయేరు. పూజకి నాకేం అభ్యంతరం? నిమ్మకాయలు తొక్కించండి, కొబ్బరికాయ కొట్టండి. కానీ నలభై మంది ఎక్కేరు, వంట గుండిగలూ బియ్యం బస్తాలూ ఎక్కించేరు, దర్శనమయ్యాక ఎలాగూ బయల్దేరాం కదా అని దిండి దాకా పోయి పడవలు చూసేరు, తిరుగు దారిలో కాలవలోకి దిగబడ్డ ట్రాక్టరుకి తాడు కట్టి లాగించేరు. గంగబాబు మొత్తుకున్నాడటండీ, "ప్రెసిడెంటు గారండీ, వెనక యాక్సిలు మీద వేడికి చెయ్యి పెట్టలేకపోతున్నానండీ, కాసేపు ఆపుదామండీ" అని. "దేవుడి పని మీదొచ్చిన బండికి ఏవవుద్దయ్యా, పోనియ్యి" అన్నారట మీరు. అవునా గంగబాబూ? చూడండి, "ఆయ్" అంటున్నాడు. (నవ్వులు)

నవ్వకండి. రాజోలు దగ్గర గేరు పళ్ళు విరిగిపోయేయి. ఇందులో స్వామి తప్పేమీ లేదు. చల్లారనివ్వమని నేను చెప్పేను, మీరు వినలేదు, తప్పు మాత్రం నా పేరున రాసేరు. ఆ వారం మా ఆవిడ బజారుకెళితే "మీ ఆయనకి చెయ్యి వణుకుతోందటగా" అని అడిగేరట. ఇదిగో, చూడండి నా చెయ్యి. ఇప్పుడు వణికితే అది కోపం.

మళ్ళీ గేర్లు తెప్పించి నేనే బిగించేను. ఈసారి తాళం నా జేబులోనే పెట్టుకుని, నేనూ గంగబాబూ ఖాళీ బండిని కొత్తపేట చుట్టూ తిప్పుతున్నాం. ఆపడం, యాక్సిలు మీద చెయ్యి పెట్టి చూడడం, చల్లబడితేనే కదలడం. ఆరు వందల కిలోమీటర్లు అయ్యేయి. ఇంకా రెండు వందలు ఉండగానే నాకు రిటైర్మెంటు వచ్చేసింది.

ఇందాకట్నుంచి కిటికీలోంచి చూస్తున్నాను. ఆ లారీకే బంతిపూల దండలు కట్టేరు. పైన నాకో పెద్ద కుర్చీ, వెనక బ్యాండు మేళం, అప్పుడే పాతికమంది ఎక్కి కూర్చున్నారు కూడా. నన్ను ఊరేగింపుగా ఇంటికి దిగబెడతారట! కాశీవిశ్వనాథం గారూ, చార్జి అప్పగించమని పొద్దున్న తాళం తీసుకున్నది ఇందుకా అండీ? దయచేసి వాళ్ళందర్నీ దించండి. వచ్చే నెల వరద. లంకల్లోవాళ్ళు గట్టు మీద నిలబడి ఆ బండి కోసమే చూస్తారు. ఇవాళ నన్ను మోసి ఆ గేర్లు చెడితే, ఈసారి తప్పు నాదే అయి, గుమ్మం దగ్గర కాగితంలో ఉన్నది నిజమవుతుంది. నేను ఎక్కను. మా ఆవిడా నేనూ నడిచి వెళతాం. బ్యాండు వాళ్ళు కావాలంటే మా వెనక నడవండి.

శాలువాకీ మంచి మాటలకీ ధన్యవాదాలు. గంగబాబూ, తాళం నువ్వు తీసుకో. మిగిలిన రెండు వందలూ ఖాళీగా నడుపు, ఆయిల్ మార్చు, అప్పుడు తీసుకొచ్చి మా ఇంటి ముందు ఆపు. ఆ కాగితం బోర్డు మీంచి తీసి చేత్తో పట్టుకుని, ముందు సీట్లో సుబ్బరాజు గారు కూర్చుని రావాలి. ఆ రోజు ఎక్కుతాను. అందాకా మీ అందరి దగ్గరా సెలవు.