చిన్నాన్న నిద్రతో పరీక్షించిన కారు

ఆ ఫొటోలో వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆయనా? మా చిన్నాన్నరా. తాగి పడిపోయాడనుకున్నావు కదూ? చూసినవాళ్లందరూ అదే అంటారు. కాదురా అబ్బాయ్, డ్యూటీలో ఉన్నాడు. గొప్పోళ్ల కోసం కొత్తరకం కారు తయారుచేసే షెడ్డు మాది, సీట్లు కుట్టేది ఆయన, నడిపి చూసేది నేను. ఒకరోజు మెత్తదనం చూద్దామని సీట్లో ఒరిగి కునుకు తీశాడు. అవతలెవరో స్పానర్ కింద పడేస్తే ఉలిక్కిపడి లేచాడు. ఆయనది కోడినిద్ర. పిన్ని పక్కగదిలో తల దువ్వుకున్నా మెలకువ వచ్చేసేది. ఉద్యోగం ఊడిందిరా అనుకుంటే, మా పెద్ద ఇంజనీరు ఎగిరి గంతేశాడు. "ఇంతకన్నా మంచి మీటరు ఎక్కడ దొరుకుతుందయ్యా! ఈయన లేవకపోతే కారు పాసైనట్టే!"

అప్పట్నుంచి అదే పరీక్ష. షెడ్డు వెనక గతుకుల రోడ్డు మీద నేను నడపాలి, వెనక చిన్నాన్న పడుకోవాలి. ఆయన కన్ను తెరిస్తే చాలు, పక్కనున్న ఇంజనీరు "ఆపు!" అనేవాడు. మళ్లీ విప్పడం, బిగించడం. తలుపుల చప్పుడు పోయింది, గేర్ల మూలుగు పోయింది, సీటు కింద టకటక ఒక్కటే ఎంత వెతికినా చిక్కలేదు. చిత్రమేంటంటే, కొన్నాళ్లకి చిన్నాన్న దానికి లేవడం మానేశాడు. ఇంట్లో మాత్రం నిద్ర కరువైంది. పిన్ని నన్ను పట్టుకుని వాయించేది. "ఏరా, మీ చిన్నాన్న నన్ను మంచంకోడు తడుతూ కూర్చోమంటాడు! నేనేమన్నా వడ్రంగిపిట్టనా?" పాపం, తట్టేది కూడాను.

ఏం చెబుతున్నాను... ఆఁ, షెడ్డు యజమాని. కారెప్పుడు తయారవుతుందా అని ఎదురుచూసి చూసి విసిగిపోయి, "నేనే వచ్చి ఆ పడుకునే ఆయన పక్కన కూర్చుంటా. ఆయన లేచాడా, షెడ్డుకి తాళమే" అని కబురుపెట్టాడు. షెడ్డంటే మా అందరి అన్నం కదరా. ఇంజనీరు బెదిరిపోయి, ముందురోజు సీటు పీకి మరీ ఆ టకటక పట్టేశాడు. వదులు బోల్టు! బిగించేశాడు. ఇక చూసుకో, కారు నడుస్తుంటే చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. యజమాని ఎక్కాడు, చిన్నాన్న పడుకున్నాడు. గేటు దాటామో లేదో, దిగ్గున లేచి, "అయ్యో, బండి ఆగిపోయింది, తోద్దాం పదండి" అని తలుపు తీసి దిగేశాడు! నేను నడుపుతూనే ఉన్నానురా! నెమ్మదిగా పోతున్నాం కాబట్టి సరిపోయింది. గడ్డిలో పల్టీ కొట్టి, లేచి, పరిగెత్తుకొచ్చి నిజంగానే వెనక నుంచి తోస్తున్నాడు.

యజమాని మొహం గంటు పెట్టుకుని, "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నాడు. ఇంజనీరు కాళ్లావేళ్లా పడి, "ఒక్కసారండీ, ఇంకొక్కసారి" అంటూ సీటెత్తి బోల్టు మళ్లీ వదులు చేశాడు. బయల్దేరాం. టకటక, టకటక. చిన్నాన్న గుర్రు. కాసేపటికి రెండు గుర్రులు. అద్దంలో చూద్దును కదా, యజమాని తల చిన్నాన్న భుజం మీద! పాసని చెప్పాల్సినాయనే పడుకుంటే ఎలా? "లేపమంటారా?" అన్నాను గుసగుసగా. "లేపితే ఫెయిలురా దరిద్రుడా, పోనియ్!" అన్నాడు ఇంజనీరు. పోనిచ్చాను. పెట్రోలు అయిపోయేదాకా పోనిచ్చాను. కారు ఆగింది. ఇద్దరూ ఒక్కసారే కళ్లు తెరిచారు. యజమాని ఒళ్లు విరుచుకుని, "బాగుందయ్యా. కాకపోతే ఆగినప్పుడు మెలకువ వచ్చేస్తోంది. అదొక్కటీ సరిచేయండి" అన్నాడు.

"చిత్తమండీ" అన్నాడు ఇంజనీరు. ఏమంటాడు మరి? ఆ ఒక్కటీ సరిచేస్తూ సరిచేస్తూనే మేమంతా రిటైరయ్యాం. చిన్నాన్న మాత్రం ఆ సీట్లోనే ఒకరోజు పడుకుని, కారు ఆగినా లేవలేదు... ఊఁ.

ఆ కిటికీ కాస్త వెయ్యరా, జల్లు కొడుతోంది.